తంబజాలరి గింజ ఫైలు కోసం ఆగదు

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల అటవీ అధికారులకు, విశ్వవిద్యాలయాల్లోని వృక్షశాస్త్ర ఆచార్యులకు, ప్రభుత్వ నర్సరీలు నడిపేవారికి,

నమస్కారం.

నేను కడప జిల్లా సిద్ధవటం దగ్గరి ఒక పల్లెలో ఉంటాను. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఇంటి వెనక పది సెంట్ల దొడ్డిలో తంబజాలరి లాంటి కొండ చెట్ల నారు పెంచడం ఇప్పుడు నా పని. ఈ లేఖలోని సంగతుల మీద ఇదివరకే రెండు అర్జీలు పెట్టుకున్నాను, ఒకసారి స్వయంగా వచ్చి కలిశాను. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి వచ్చింది. కానీ కొండలో గింజ ఏరడానికి తొలకరికి కావాలని అడిగిన అనుమతి దసరా సెలవుల్లో చేతికందింది. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. రాస్తే ఆ నింద ఎవరో ఒక గుమస్తా మెడకు చుట్టుకుంటుంది, ఆయన చేసిన తప్పేమీ లేదు. ఉన్న పద్ధతి ప్రకారమే ఆ కాగితం కదిలింది. ఆ పద్ధతి గురించే నా ఫిర్యాదు, అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

ఆ రెండో అర్జీ పెట్టిన ఏడాది జూన్ రెండో వారంలో ఒక ఉదయం మా వాకిట్లో పిలుపు వినిపించింది. "అయ్యవారూ, తంబజాలరి రాలుతోంది. ఇంకో నాలుగు రోజులే." కొండలో కాయా జిగురూ ఏరుకుని బతికే యానాది మహిళ ఆమె. వాళ్ల అబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు. అనుమతి కోసం అర్జీ పెట్టానని ఆమెకు తెలుసు, అది వచ్చి ఉంటుందని అనుకుంది. ఆ అడవి బీటు కాపలా చూసే ఉద్యోగి మంచివాడు, మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. "చూడవచ్చు సార్, ఏరడానికి మాత్రం లేదు. కాగితం వస్తే సంచి నేనే పట్టుకుంటాను" అన్నాడు.

గట్టు మీద చెట్టు కింద కాయలు పరుచుకుని ఉన్నాయి. ఒక్కో కాయకూ ఎండుటాకు రంగు రెక్కలు, కొన్ని పొడవు, కొన్ని పొట్టి. గాలి వీచినప్పుడల్లా పైనుంచి మరో పదీ ఇరవై గిరగిరా తిరుగుతూ దిగుతున్నాయి. ముందు రోజు రాత్రి చిన్న జల్లు పడినట్టుంది, కొన్ని కాయల మొన దగ్గర అప్పుడే తెల్లటి వేరు బయటికి వచ్చింది, బియ్యపు గింజంత. అయితే ఆ వేరు కింద ఉన్నది రాతి పలక. ఆమె ఒక కాయను అరచేతిలో పెట్టుకుని చూసి, ఉద్యోగి వైపు ఒకసారి చూసి, తీసిన చోటే పెట్టేసింది.

పదిహేను రోజులకు మళ్లీ వెళ్లాం. మధ్యలో వాన లేదు. వేళ్ల మొనలు నల్లబడ్డాయి, కాయను రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టు రాలింది. ఆ ఒక్క చెట్టు కింద నూటికి పైగా లెక్కపెట్టి ఆపేశాను. రాతి నెర్రెలో మట్టిని పట్టుకుని నిలబడినవి మూడు. తర్వాత వచ్చిన అనుమతి పత్రం డిసెంబరు 31 దాకా చెల్లుతుందని రాసి ఉంది. ఆ నెలల్లో ఆ చెట్టు మీద ఏరడానికి ఒక్క కాయ ఉండదు.

తంబజాలరి అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. సాల వృక్షానికి చుట్టం. శాస్త్రజ్ఞులు షోరియా తంబుగ్గాయియా అంటారు. తూర్పు కనుమల దక్షిణ కొసన, శేషాచలం, పాలకొండలు, వెలిగొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా దానంతట అది పెరగదు. ఆ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో ఉద్యానం నడిపి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతకు వెళ్లినవాడు. మన జనం నోటి పేరే ఆ శాస్త్రీయ నామంలో ఇప్పటికీ వినిపిస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట ఒక పరదేశి చెవికి ఎక్కిన పేరు ఇవాళ మన ఊళ్లలోనే ఎక్కడం లేదు. కడపలో ఒక నర్సరీకి వెళ్లి తంబజాలరి మొక్క ఉందా అని అడిగితే, చేపలు అమ్మే వీధి ఎటో చూపించారు. ఆ నర్సరీలో తురాయి ఉంది, అది మడగాస్కర్‌ది. నిద్రగన్నేరు ఉంది, అది దక్షిణ అమెరికాది. కోనోకార్పస్ వరసలకు వరసలు ఉంది. మన కొండ చెట్టు ఒక్కటీ లేదు.

గింజల్లో రెండు రకాలు ఉన్నాయి. జొన్న, కంది, చింత, ఎర్రచందనం లాంటివి ఎండితేనే నిలవ ఉంటాయి. ఇంగ్లాండులో వేక్‌హర్స్ట్ దగ్గర 2000లో తెరిచిన మిలీనియం విత్తన బ్యాంకులో చేసేది గాదె కింద మన అవ్వలు చేసిన పనే. గింజను బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల చలిలో దాస్తారు, అంతే తేడా. రెండో రకం గింజలు ఎండితే చస్తాయి. నేరేడు, పనస, మామిడి టెంక ఆ కోవలోవి. రైల్వేకోడూరు వైపు మామిడి అంట్లు కట్టేవాళ్లను ఎవరిని అడిగినా చెబుతారు, టెంకను వేసవి అంతా అటక మీద పెట్టి ఆ తర్వాత నాటితే మొలిచేది ఎండుగడ్డే అని. తంబజాలరిదీ, అడవి నేరేడు జాతిలోని మొగిదీ అదే స్వభావం. ఎండబెడితే పోతాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే పోతాయి. ప్లాస్టిక్ సంచిలో మూట కడితే ఉడికి బూజు పడతాయి. తడి గోనెలో చుట్టి, నీడన మోసుకొచ్చి, ఆ వారంలోనే మట్టిలో పెట్టాలి. ఇలాంటి చెట్టును మామూలు విత్తన బ్యాంకు దాచలేదు. తోటలో పెరుగుతున్న చెట్టే దానికి బ్యాంకు. అందుకే బొటానికల్ గార్డెన్ అనే మాట ఇక్కడ ఉద్యానవన శోభ కోసం ఎత్తడం లేదు.

ఇది మా ఒక్క ఊరి గోడు కూడా కాదు. 2024 అక్టోబరులో కొలంబియాలోని కాలీ నగరంలో జీవవైవిధ్య సదస్సు జరిగినప్పుడు ప్రపంచ వృక్షజాతుల లెక్క ప్రకటించారు. పరిశీలించిన 47,282 జాతుల్లో కనీసం 16,425 అంతరించే ముప్పులో ఉన్నాయి. 2010లో దేశాలన్నీ ఒప్పుకున్న లక్ష్యం ఒకటి ఉంది: 2020 నాటికి ముప్పులో ఉన్న మొక్కల్లో నూటికి 75 జాతులు తోటల్లో, విత్తన బ్యాంకుల్లో ఉండాలి, వీలైతే పుట్టిన దేశంలోనే ఉండాలి, నూటికి 20 జాతులు తిరిగి అడవిలో నాటడానికి సిద్ధంగా ఉండాలి. ఆ గడువు దాటి ఏళ్లయింది.

ఇక ఈ నిర్లక్ష్యం మామూలు జనం మీద ఎలా పడుతోందో చెబుతాను.

1. ముందు దెబ్బ తినేది రైతు. ఎర్రచందనం మన ఐదారు జిల్లాల కొండల సొత్తు. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ప్రమాదంలో ఉన్న జాతి. ముప్పులో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద 1995 నుంచి దాని ఎగుమతి మీద నియంత్రణ ఉంది. 2023 నవంబరులో మన దేశపు ఎర్రచందనాన్ని ఆ ఒప్పందపు ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించాక, సొంత పొలంలో పెంచిన రైతులకు ఆశ పుట్టింది. మా ఊళ్లోనే నలుగురు వేశారు. ఇరవై, ముప్పై ఏళ్లు కాచుకోవాల్సిన పంట అది. తాను నాటిన మొక్క మనవడి పెళ్లి ఖర్చుకు వస్తుందని లెక్క వేసుకున్నవాడికి, ఆ మొక్క ఏ తల్లిచెట్టు గింజో ఎవరూ చెప్పలేరు. దొంగలు నిటారుగా, లావుగా ఎదిగిన మానులనే ముందు కొట్టుకుపోయారు. మిగిలినవి వంకర మానులు, పిలక మానులు. కాయలు ఏరేవాళ్లు ఏ చెట్టు రోడ్డుకు దగ్గరగా ఉంటే దాని కిందే ఏరుతారు, వాళ్లను తప్పు పట్టలేం. అలా రెండు మూడు రోడ్డు పక్క చెట్ల సంతానమే వేల ఎకరాలకు పాకితే, అన్నీ అక్కాచెల్లెళ్లే. వాటికి ఒక తెగులు సోకితే అన్నిటికీ సోకుతుంది. పాతికేళ్ల తర్వాత మొక్క మంచిది కాదని తెలిస్తే ఆ రైతు ఎవరిని అడగాలి?

2. ఏరుకుని బతికేవాళ్ల సంగతి. వేసవి చివర మొగి పళ్లు, తెల్లకరక కాయలు, కొండగుగ్గిలం జిగురు. ఒక్కో కుటుంబానికి ఏడాదిలో కొన్ని వారాల గంజి వీటి మీదే. కొండగుగ్గిలం చెట్టుకు జిగురు కోసం పదే పదే గాట్లు పెడితే అది నీరసిస్తుంది. దాని గింజల్లో ముందే తాలు ఎక్కువ. కొత్త చెట్లు లేవకపోతే ఉన్న చెట్ల మీదే గాట్లు పెరుగుతాయి. జిగురు తగ్గేకొద్దీ గాటు లోతవుతుంది. ఇది వాళ్లకు తెలియక జరుగుతున్నది కాదు. "ఇంకో చెట్టు ఉంటే దీన్ని ఇంత గీయను కదా" అని ఆ యానాది తల్లే నాతో అంది.

3. పేరిత గురించి రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఈతచెట్టులా కనిపించే సైకస్ జాతి ఇది. మన కొండల్లో తప్ప ఎక్కడా లేదు. అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన నిషేధ జాబితాలో ఉంది. ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క మధ్యన లేచే కంకి మగతనానికి మందని కోసి అమ్ముతారు. కంకి పోతే పుప్పొడి లేదు, పుప్పొడి లేకపోతే ఆడ మొక్క గింజకు ప్రాణం లేదు. మనుషుల మగతనం కోసం మొక్క మగతనం తీసేస్తున్నాం. దీన్ని తోటలో పెట్టేవాళ్లు కూడా ఎక్కడో దొరికిన ఒక మొక్క తెచ్చి బోర్డు పెట్టి ఊరుకుంటే సరిపోదు. దక్షిణాఫ్రికాలో 1895లో ఇలాంటి జాతి ఒకటి దొరికింది, ఎన్‌సెఫలార్టస్ వుడి అని. దొరికింది మగది ఒక్కటే. ఆడది ఇప్పటిదాకా కనపడలేదు. ప్రపంచంలోని పెద్ద తోటలు చాలావాటిలో ఇప్పుడు ఆ మొక్క ఉంది, అన్నీ ఆ ఒక్కదాని పిలకలే. నూట ముప్పై ఏళ్లుగా బ్రహ్మచారి. మన పేరితకు ఆ గతి పట్టక ముందే ఆడా మగా రెండూ తోటకు చేరాలి.

4. కొండ మీద చెట్టు పోతే కింద చెరువు పోతుందన్నది మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే జిల్లా ఇది. రాతి గట్టు మీద వేరు దింపి నిలబడగలిగిన చెట్లు ఇవే. నర్సరీ తురాయిని తీసుకెళ్లి అక్కడ పెట్టి చూడండి, రెండో వేసవి చూడదు.

ఇవీ కష్టాలు. చట్టాన్ని పక్కన పెట్టమని నేను అడగడం లేదు. అభయారణ్యంలో పుల్ల ముట్టుకోవాలన్నా అనుమతి ఉండాల్సిందే. ఎర్రచందనం పేరు చెప్పి సంచీతో కొండెక్కిన ప్రతివాణ్నీ నమ్మలేని పరిస్థితి మీది, అది నాకు అర్థమవుతుంది. ఇక్కడి అడవుల్లో పనిచేసిన మీ సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. కాబట్టి అనుమతి ఉండాలి. అది గింజ రాలే లోపల రావాలి. అడుగుతున్నది అదే.

మా డిమాండ్లు:

1. గింజల పంచాంగం. ఏ చెట్టు ఏ కొండలో ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు రాలుతుంది అనేది బీటు ఉద్యోగులకూ, ఏరేవాళ్లకూ నోటికి వచ్చు. దాన్ని కాగితం మీద పెట్టి, ఆ ఏడాదికి కావలసిన విత్తన సేకరణ అనుమతులన్నీ మార్చి నెలాఖరుకే ముగించాలి. అనుమతిలో తేదీలకు బదులు "కాయ రాలడం మొదలైన రోజు నుంచి ఇరవై రోజులు" అని రాయండి. రాలడం మొదలైందని బీటు ఉద్యోగి ధ్రువీకరిస్తే చాలు. సేకరణ ఆయన ఎదుటే జరగాలి, ఎంత ఏరారో ఆయనే తూచి రాసుకోవాలి. పండిన గింజల్లో అయిదో వంతుకు మించి ఏరకూడదనే నియమం ప్రపంచమంతటా విత్తన సేకర్తలు పాటిస్తారు, దాన్నే ఇక్కడా పెట్టండి. మిగతా నాలుగు వంతులు కొండవే, పిట్టలవీ ఉడతలవీ చీమలవీ. రాతి పలక మీద పడి ఎండిపోయే గింజను ఏరితే అడవికి ఏదో నష్టమని వాదించేవారు ఒక్కసారి జూన్‌లో నాతో వచ్చి ఆ పలక చూడాలి.

2. తల్లిచెట్ల రిజిస్టరు. ఒక జాతికి కనీసం యాభై చెట్ల నుంచి, వీలైనన్ని వేర్వేరు కొండల నుంచి గింజ రావాలని శాస్త్రం చెబుతుంది. ఒక్క చెట్టు గింజతో తోట నింపితే ఏమవుతుందో చెప్పడానికి ఈస్టర్ ద్వీపపు తొరొమిరో చెట్టు ఉంది. ఆ ద్వీపంలో చివరికి మిగిలిన ఒకే చెట్టు నుంచి 1950లలో ఏరిన గింజలే ఐరోపా తోటల్లో దాని వంశాన్ని నిలబెట్టాయి. నిలిచింది నిజమే, కానీ అదంతా దాదాపు ఒక్క తల్లి సంతానం. ద్వీపానికి తిరిగి తీసుకెళ్లి నాటితే నిలదొక్కుకోలేక సతమతమైంది. మన తంబజాలరికి ఇంకా ఆ దుస్థితి రాలేదు. వందల చెట్లు ఉన్నప్పుడే యాభైని ఎంచి, నంబరు వేసి, చుట్టుకొలతా ఎత్తూ రాసి పెట్టుకుంటే రేపు ఏ మొక్క ఎవరి బిడ్డో తెలుస్తుంది. నిప్పు పడి ఒక కొండ కాలిపోయినా పక్క కొండ సంతానం తోటలో ఉంటుంది.

3. తోటలో మొక్క ఉంటే చాలదు, దాని చరిత్ర ఉండాలి. కళాశాలల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ చిన్న చిన్న బొటానికల్ గార్డెన్లు ఉన్నాయి. వాటిని పెంచింది ఎవరో ఒక ఆచార్యుడి పట్టుదల. ఆయన పదవీ విరమణ చేసిన ఏడాదే రేకు బోర్డుల మీద రంగు వెలుస్తుంది, మరుసటి ఏడాది మోటారు చెడుతుంది, మూడో ఏడాది ఆ స్థలంలో సైకిల్ స్టాండు వస్తుంది. నేను చదువుకున్న కళాశాలలో నా కళ్లముందే జరిగింది ఇది, అందుకే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. ప్రతి మొక్కకూ నంబరు, గింజ ఏరిన తేదీ, కొండ పేరు, తల్లిచెట్టు నంబరు ఉండాలి. ఆ పుస్తకం ఒక మనిషి బీరువాలో కాకుండా కనీసం రెండు సంస్థల దగ్గర ఉండాలి. ఒకే జాతి కనీసం మూడు చోట్ల పెరగాలి: కడపలో ఒకటి, అనంతపురంలో ఒకటి, కర్నూలులో ఒకటి అనుకోండి. పడమటి కనుమల చెట్ల కోసం కేరళలోని పాలోడులో 1979 నుంచి 300 ఎకరాల్లో పెద్ద సంస్థ నడుస్తోంది. మన తూర్పు కనుమల చెట్ల కోసం అందులో పదో వంతు స్థలం, బోరు, కంచె, ఇద్దరు తోటమాలులు అడుగుతున్నాం. తోటమాలులను మాత్రం పర్మినెంటుగా వేయండి. చెట్టుకు ముప్పై ఏళ్లు పట్టే పనికి పదకొండు నెలల కాంట్రాక్టు మనిషిని పెట్టడం ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

4. ఏరేవాళ్లకు కూలి, పేరు. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986లో లంకమల కింద రెడ్డిపల్లె దగ్గర బయటపడింది. పక్షిశాస్త్రజ్ఞులు ఎంతో వెతికారు, చివరికి పట్టి తెచ్చింది మాత్రం అక్కడి ఊరి మనిషే. చెట్ల విషయమూ అంతే. ఏ చెట్టు ఈ ఏడాది కాపు కాసింది, ఏది ఎగ్గొట్టింది అన్న సమాచారం పట్నంలో ఏ కంప్యూటర్‌లోనూ లేదు. సేకరణ రోజులకు రోజుకూలి, బతికిన ప్రతి మొక్కకూ కొంత అదనం, రిజిస్టరులో ఏరిన మనిషి పేరు ఉండాలి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో జీవవైవిధ్య కమిటీలు, ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలి. మా ఊరి రిజిస్టరు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అందులో ఈ చెట్ల పేర్లు, వీటిని ఎరిగిన మనుషుల పేర్లు ఉంటే, లాభాల పంపిణీ అని ఆ చట్టం చెప్పే మాటకు ఒక అర్థం వస్తుంది.

5. ఎర్రచందనం నారుకు చీటీ. 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రానికి 82 లక్షల రూపాయలు మంజూరు చేసింది, లక్ష ఎర్రచందనం మొక్కలు పెంచి రైతులకు ఇవ్వడానికి. మంచి పని, సంతోషం. ఆ లక్ష మొక్కల గింజలు ఎన్ని చెట్లవో, ఏ కొండలవో ప్రతి సంచి మీదా ఒక చీటీ ఉండేలా చూడండి. సిమెంటు బస్తా మీద ఫ్యాక్టరీ పేరు ఉంటుంది, విత్తనాల ప్యాకెట్టు మీద లాటు నంబరు ఉంటుంది. ముప్పై ఏళ్ల పంటకు చిన్న చీటీ కట్టడం పెద్ద పనేమీ కాదు. రేపు నరికే అనుమతికో అమ్మకానికో రైతు తిరిగే రోజున అదే చీటీ అతన్ని దొంగ లెక్కలోంచి బయటపడేస్తుంది.

6. వనమహోత్సవానికి తెచ్చే మొక్కల్లో పదింట ఒకటైనా ఈ కొండలదై ఉండాలి. దీని మీద ఇంకేమీ రాయను.

ఒక అనుమానం మీకూ వచ్చే ఉంటుంది, నాకూ ఉంది. తోటలో యాభై చెట్లు ఉన్నాయి కదా అని రేపు ఎవరైనా గనికో రోడ్డుకో కొండ రాసిచ్చేస్తే? ఈ తోటను ఆ సంతకానికి సాకుగా వాడుకోనివ్వకండి. గువ్వలచెరువు ఘాట్‌లో పాలకోవా కోసం బస్సు దిగిన ప్రయాణికుడికి చుట్టూ ఉన్న అడవి ఒక పచ్చటి గోడ. దాన్ని ఒక్కో చెట్టుగా ఎరిగినవాళ్లు మీరు, ఆ యానాది తల్లి, నాలాంటి పనీపాటా లేని ఇద్దరు ముగ్గురు. గింజ తోటకు రావడం ఎప్పుడో ఒకనాడు మొక్కగా మళ్లీ ఆ గట్టు ఎక్కడానికే. మూడో డిమాండులోని పుస్తకంలో "తిరిగి కొండకు" అనే గడి కూడా ఒకటి గీయించండి.

ఈ లేఖకు మార్చి నెలాఖరులోగా జవాబు కోరుతున్నాను. అనుమతి ఇవ్వలేమంటే ఎందుకు ఇవ్వలేరో రెండు వాక్యాల్లో రాసినా చాలు, దాన్నిబట్టి మళ్లీ అర్జీ రాసుకుంటాను. ఎర్రమట్టీ ఇసుకా చివికిన పేడా కలిపి రెండు వందల సంచులు దొడ్డిలో చింతచెట్టు నీడన నింపి పెట్టి ఉన్నాయి. పోయిన ఏడాది వాటిలో గడ్డి మొలిస్తే పీకేశాను. తడి గోనెలు నాలుగు ఉన్నాయి. కాయ రాలగానే కబురు పంపుతానని ఆ తల్లి మాట ఇచ్చింది. బీటు ఉద్యోగికి బదిలీ అయింది, కొత్తాయన ఎలాంటివాడో ఇంకా తెలియదు.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
సిద్ధవటం మండలం, కడప జిల్లా